నెట్ జీరోతో వాతావరణం వెనక్కి రాదు

సంపాదకులకు,

భావి తరాల కోసం వాతావరణాన్ని పునరుద్ధరిస్తామని చెప్పే ప్రభుత్వాలు చివరకు కాగితం మీద పెట్టేది నెట్ జీరో గడువే, అంటే గాలిలోకి వదిలేదీ గాలి నుంచి తీసేదీ సమానమయ్యే రోజు. ఈ రెండూ ఒకటి కావు. నెట్ జీరో సాధిస్తే భూమి వేడెక్కడం దాదాపు ఆగుతుంది, అంతే. చేరిన వేడి శతాబ్దాల పాటు అలాగే ఉంటుంది.

లెక్క చూడండి. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు 280. ఇప్పుడు 420 దాటింది. ఒక్క భాగం అంటే సుమారు 780 కోట్ల టన్నులు. ఉదాహరణకు, ఈ రెంటికీ మధ్యనున్న 350కి దించాలంటే 54 వేల కోట్ల టన్నులకు పైగా తీయాలి. నిజానికి ఇంకా ఎక్కువే, ఎందుకంటే గాలిలో తగ్గేకొద్దీ సముద్రాలు తాము దాచుకున్నది తిరిగి వదులుతాయి. ఈ సంగతి ప్రకటనల్లో కనబడదు!

అందుకే ఉద్గారాల తగ్గింపుకి, గాలి నుంచి తొలగింపుకి వేర్వేరు లక్ష్యాలు ఉండాలి. రెండూ కలిపి ఒకే అంకె చూపిస్తే, మొక్కలు నాటామన్న లెక్క చాటున బొగ్గు కాలుతూనే ఉంటుంది. అడవి ఒక్క కార్చిచ్చుతో ఖాతా ఖాళీ చేయగలదు; బసాల్ట్ అనే అగ్నిశిలలోకి పంపగా ఖనిజంగా మారిన కార్బన్ అలా బయటపడదు. ఈ తేడా చట్టంలోనే రాయాలి. యంత్రాలతో గాలి నుంచి టన్ను పీల్చడానికి వేడి, విద్యుత్ కలిపి సుమారు 2 వేల యూనిట్ల శక్తి కావాలి. అది బొగ్గు నుంచే వస్తే శ్రమంతా దాదాపు వృథా.

పారిస్ ఒప్పందం ప్రకారం అయిదేళ్లకోసారి ఇచ్చే ప్రణాళికల్లో తొలగింపు టన్నులు, నిల్వ కాలం, లీకైతే బాధ్యులెవరో విడిగా చూపమని ప్రభుత్వాలను అడగాలి.

– ఒక పాఠకుడు