గేటు దగ్గర కాదు, బుకింగ్ దగ్గరే చెప్పాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

సెలవులు దగ్గరపడే కొద్దీ, నగరానికి గంట రెండు గంటల దూరంలో ఉన్న జాతీయ ఉద్యానవనాల్లో రెండు రాత్రులు గుడారం వేసుకుని గడిపి రమ్మని ప్రోత్సహించే వ్యాసాలు మీ పత్రికతో సహా అన్ని పత్రికల వారాంతపు పేజీల్లోనూ కనిపిస్తున్నాయి. ఆ ప్రోత్సాహాన్ని నేను తప్పు పట్టడం లేదు. కానీ వాటిలో అందమైన ఫొటోలు, వెంట తీసుకెళ్లాల్సిన వస్తువుల జాబితా ఉంటున్నాయే తప్ప, అసలు అక్కడ రాత్రి బసకు అనుమతి ఉందా, ఉంటే ఎవరిని అడగాలి, ఎన్ని గంటల లోపు చేరుకోవాలి, నిప్పు రాజేయవచ్చా అన్న సంగతులు ఉండటం లేదు. ఉద్యానవనాల నిర్వాహకులలో చాలామంది కూడా వీటిని ప్రవేశద్వారం దగ్గర ఒక బోర్డు మీద రాయించి, తమ బాధ్యత తీరిందనుకుంటున్నారు. సామాను సర్దుకుని, పిల్లలను వెంటబెట్టుకుని గేటు దాకా వచ్చిన కుటుంబానికి ఆ బోర్డు వల్ల కలిగే ప్రయోజనం దాదాపు శూన్యం. ఈ నియమాలన్నీ స్థలం బుక్ చేసుకునే సమయంలోనే, డబ్బు కట్టక ముందే సందర్శకులకు తెలియజేయాలన్నది ఈ లేఖ ద్వారా నేను చేస్తున్న విన్నపం.

నగరాన్ని ఆనుకుని ఉన్న ఉద్యానవనాల పరిస్థితి మారుమూల అడవుల పరిస్థితి లాంటిది కాదు. అమెరికాలో 1872లో ఎల్లోస్టోన్ తొలి జాతీయ ఉద్యానవనమైన ఏడేళ్లకు, 1879లో, ఆస్ట్రేలియాలోని సిడ్నీకి దక్షిణాన నేటి రాయల్ నేషనల్ పార్క్ ఏర్పడింది. నగర ప్రజల విహారానికి ఒక చోటు ఉండాలన్నదే దాని తొలి ఉద్దేశం. 1946లో ఏర్పడిన నైరోబీ నేషనల్ పార్క్ విస్తీర్ణం సుమారు 117 చదరపు కిలోమీటర్లు. అక్కడ మేస్తున్న జిరాఫీల వెనుక నగరంలోని ఎత్తైన భవనాలు కనిపిస్తాయి. ముంబయిలోని సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనం లోపల చిరుతలు, హద్దుల వెంబడి జనావాసాలు. ఇంత చేరువలో ఉండటం వల్ల రెండు పరిణామాలు తప్పవు. నగరమంతా ఒకే సాయంత్రం బయలుదేరి అక్కడికే వస్తుంది. పైగా, దగ్గరే కదా అన్న ధీమాతో ఏ ఏర్పాటూ లేకుండా వస్తుంది.

నియమాలైనా అన్నిచోట్లా ఒకేలా ఉంటాయా అంటే, అదీ లేదు. కొన్ని ఉద్యానవనాల్లో చీకటి పడేలోపే సందర్శకులు బయటికి వచ్చేయాలి. ఫిన్లాండ్‌లో ఎవరి భూమి అన్న ప్రసక్తి లేకుండా అడవుల్లో తిరిగే హక్కు ప్రజలందరికీ ఉంది. అయినా హెల్సింకీ సమీపంలోని నూక్సియో జాతీయ ఉద్యానవనంలో గుర్తించిన స్థలాల్లో తప్ప గుడారం వేయకూడదు. ఒకచోట చెల్లిన పద్ధతి ఇంకోచోట చెల్లుతుందనుకోవడం సహజం కాబట్టే, ఏ ఉద్యానవనానికి ఆ ఉద్యానవనం తన నియమాలను ముందుగా చెప్పాల్సిన అవసరం ఉంది.

ముందుగా చెప్పకపోతే వ్యవహారం ఎంత దూరం వెళుతుందో స్కాట్లాండ్ అనుభవం చూపిస్తుంది. అక్కడ 2003 నాటి భూసంస్కరణ చట్టం, బాధ్యతగా మసలుకునే ఎవరికైనా ఆరుబయట గుడారం వేసుకునే హక్కును ఇచ్చింది. అయితే గ్లాస్గో నగరానికి గంట లోపు ప్రయాణంలోనే ఉన్న లోక్ లోమండ్ ఉద్యానవనంలో సరస్సు ఒడ్డులు వేసవి రాత్రుల రద్దీకి తట్టుకోలేకపోయాయి. వదిలేసి వెళ్లిన గుడారాలు, సీసాలు, మంట కోసం నరికిన పచ్చి చెట్లు, ఒడ్డంతా మలమూత్రాలు. చివరికి 2011లో తూర్పు ఒడ్డున, 2017 మార్చి నుంచి మరికొన్ని ఒడ్డు ప్రాంతాల్లో, ఏటా మార్చి మొదలు సెప్టెంబరు వరకు అనుమతి పత్రం లేకుండా గుడారం వేయడాన్ని నిషేధించారు. చక్కగా నడుచుకునే వారి హక్కును కూడా ఇది కుదించిందని అక్కడ విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలో న్యాయం ఉందని నేను అంగీకరిస్తాను. అయినా ఆ అనుమతి విధానంలో ఒక మేలు ఉంది: ఇంట్లో కూర్చుని దరఖాస్తు చేసుకునే మనిషికి, ఏ స్థలంలో ఏది కూడదో అప్పుడే తెలుస్తుంది.

రెండు రోజుల యాత్రలో పొరపాటును సరిదిద్దుకోవడానికి వ్యవధి ఉండదు. వారం రోజులు ఉండేవారికి మొదటి రోజు పాడైనా మిగతా రోజులు ఉంటాయి. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా బయలుదేరి, వాహనాల రద్దీ దాటుకుని చీకటిపడ్డాక చేరేవారికి మిగిలేది ఒక్క శనివారమే. చీకట్లో టార్చి వెలుగులో ఎంచుకున్న చోటు సమతలంగా ఉందా లేదా అన్నదే చూస్తారు గానీ, తలపైన ఎండిపోయిన కొమ్మ వేలాడుతోందా, కింద మెత్తగా తగులుతున్న ఇసుక ఎండిన వాగు గర్భమా అన్నది గమనించరు. ఎగువన ఎక్కడో వాన పడితే అలాంటి వాగు నిమిషాల్లో పొంగుతుంది, అక్కడ ఒక్క చినుకు రాలకపోయినా. ఫలానా గంట తరువాత లోపలికి రానివ్వబోమని బుకింగ్ రోజునే కచ్చితంగా చెబితే, చాలామంది శనివారం తెల్లవారుజామున బయలుదేరేలా ఏర్పాటు చేసుకుంటారు. నీటి విషయమూ అంతే. స్థలంలో తాగునీరు ఉందో లేదో తెలిస్తే సరిపడా మోసుకెళతారు. లేకపోతే వాగు నీటినే బాగా మరిగించుకోవాలి. నీరు తెర్లడం మొదలైన తరువాత కనీసం ఒక నిమిషం, రెండు వేల మీటర్లకు పైబడిన ఎత్తులో మూడు నిమిషాలు మరగనివ్వాలన్నది ఆరోగ్య నిపుణులు చెప్పే లెక్క. అందుకు తగిన ఇంధనం కూడా వెంట ఉండాలి కదా.

అన్నింటికంటే ఎక్కువ నష్టం తెచ్చేది నిప్పు కాబట్టి దాని గురించి కొంత వివరంగా రాస్తున్నాను. చలిమంట లేని క్యాంపింగ్ క్యాంపింగే కాదన్నట్టుగా ఫొటోలు వేయడం పత్రికలు మానుకోవాలి. ఎండలు ముదిరిన రోజుల్లో ఎన్నో ఉద్యానవనాలు మంటలను పూర్తిగా నిషేధిస్తాయి. ఫిన్లాండ్‌లో కార్చిచ్చు హెచ్చరిక అమలులో ఉంటే ఆరుబయట మంట వేయడమే చట్టవిరుద్ధం. అనుమతి ఉన్నచోట కూడా, నిద్రకు ఉపక్రమించే ముందు ఒక చెంబు నీళ్లు చల్లి వెళ్లిపోతే సరిపోదు. నీళ్లు పోసి, బూడిదను కర్రతో అడుగు దాకా కలిపి, మళ్లీ పోసి, చేతి వెనుక భాగాన్ని దగ్గరగా పెట్టి చూసినప్పుడు వెచ్చదనం ఏమాత్రం తగలకపోతేనే నిప్పు ఆరినట్టు. పైకి చల్లారినట్టు కనిపించే బొగ్గులను చలికి తాళలేక గుడారం లోపలికి తెచ్చుకోవడం మరీ ప్రమాదకరం. వాటి నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవారు దాన్ని పసిగట్టలేరు. ఇక ఇంటి దగ్గరి నుంచి కట్టెలు తీసుకెళ్లడం తెలివైన పనిగా కనిపిస్తుంది గానీ, చెట్లను తొలిచే పురుగులు ఆ కట్టెల్లోనే దాక్కుని కొత్త అడవులకు చేరతాయి. అమెరికాలో 2002లో బయటపడి, ఆపై కోట్లాది యాష్ చెట్లను చంపిన పచ్చని పెంకుపురుగు అలా కూడా వ్యాపించింది కాబట్టే అక్కడి అనేక ఉద్యానవనాలు బయటి కట్టెలను అనుమతించవు. ఈ సంగతి గేటు దగ్గర తెలిస్తే కారు డిక్కీలో ఉన్న కట్టెలను ఏం చేయాలి?

ఆహారం దాచుకోవడం గురించి కూడా ఇంతే. అమెరికాలోని యోసెమిటీ జాతీయ ఉద్యానవనంలో ఆహారాన్నీ సబ్బు, టూత్‌పేస్ట్ లాంటి వాసన గల వస్తువులనూ స్థలం దగ్గర ఉన్న ఇనుప పెట్టెల్లో పెట్టి గడియ వేయాలి, రాత్రి కారులో కూడా ఉంచకూడదు. మనుషుల తిండికి అలవాటుపడిన ఎలుగుబంటి తరచూ జనం మధ్యకు వస్తుంది, చివరికి అధికారులు దాన్ని చంపాల్సి వస్తుంది. మరుగుదొడ్లు లేని చోట నీటి వనరుకు కనీసం అరవై మీటర్ల దూరంలో, జానెడు లోతు గుంట తవ్వుకుని పూడ్చాలన్నది కూడా ముందే తెలిస్తే చిన్న తాపీ ఒకటి సంచిలో చేరుతుంది.

బుకింగ్ విధానంలో ఇంకొక లోపం ఉంది. నగరానికి దగ్గరి స్థలాలు బుకింగ్ తెరిచిన కాసేపటికే నిండిపోతాయి. తీరా ఆ వారాంతంలో కొన్ని ఖాళీగా పడి ఉంటాయి. వెళ్లాలో లేదో తేల్చుకోకుండానే స్థలం పట్టిపెట్టుకుని, రాలేకపోయినా రద్దు చేయని వారి వల్ల, నిజంగా వెళ్లదలచినవారు ఇంట్లో ఉండిపోతున్నారు. అమెరికాలోని ప్రభుత్వ క్యాంపింగ్ స్థలాల్లో చెప్పకుండా రాని వారి నుంచి రుసుము వసూలు చేయడంతో పాటు తొలి రాత్రి సొమ్మునూ తిరిగి ఇవ్వరు. జరిమానా ఒక్కటే చాలదని నా అభిప్రాయం. ఒకటి రెండు రోజుల ముందు వస్తున్నారా లేదా అని సందేశం పంపి, జవాబు రాని స్థలాలను నిరీక్షణలో ఉన్నవారికి ఇచ్చేయాలి. అదే సందేశంలో ఆనాటి నిప్పు నిషేధం, నీటి లభ్యత, మూసిన దారుల వివరాలు కూడా చేర్చవచ్చు. దానికి అదనంగా అయ్యే ఖర్చంటూ పెద్దగా ఏమీ ఉండదు.

పత్రికల నుంచి కోరేది ఇంకా చిన్నది. ఉద్యానవనం గురించి వ్యాసం వేసిన ప్రతిసారీ, దాని పక్కనే ఒక చిన్న పెట్టెలో అనుమతి ఇచ్చే కార్యాలయం, బుకింగ్ తెరిచే తేదీ, లోపలికి అనుమతించే ఆఖరి గంట, మంటకు సంబంధించిన నియమం, అత్యవసరంలో పిలవాల్సిన నంబరు ప్రచురించండి. అందుకోసం సూర్యాస్తమయం ఫొటో కొంచెం చిన్నదైనా పాఠకులు ఏమీ అనుకోరు.

ఇట్లు,
మీ పాఠకుడు