మందుల చీటీకి ముందు అడగవలసిన ప్రశ్న

సంపాదకులకు,

మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లే మా పొరుగింటి మహిళకు దగ్గు, ఆయాసం వస్తుంటే గత సీజన్‌లో మూడుసార్లు ఆసుపత్రికి తోడు వెళ్లాను. మూడుసార్లూ పరీక్షలు చేసి మందులు రాశారే గాని, ఏం పని చేస్తావమ్మా అని ఒక్కరూ అడగలేదు. ఓపీలో క్యూ చూసిన నేను వైద్యులను తప్పుపట్టలేను. కానీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఘాటులో కూర్చునే మనిషికి మందిచ్చి, ముక్కుకు గుడ్డయినా లేకుండా మళ్లీ ఆ షెడ్డుకే పంపితే, ఆ వైద్యం ఎన్నాళ్లు నిలుస్తుంది?

నివాసం, నీరు, పని, ఆదాయం ఆరోగ్యాన్ని నిర్ణయిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘం 2008లోనే నివేదించింది. క్షయ రోగుల పోషకాహారానికి 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు ఇస్తున్న మన ప్రభుత్వం కూడా తిండి చికిత్సలో భాగమేనని ఒప్పుకున్నట్టే. అమెరికాలో లాభాపేక్ష లేని ఆసుపత్రులు మూడేళ్లకోసారి తమ ప్రాంత ప్రజల ఆరోగ్య అవసరాలను సర్వే చేయాలని 2010 నాటి చట్టం నిర్దేశించింది.

2018 మార్చిలో పాత గుంటూరులో కలుషిత నీటి వల్ల డయేరియా ప్రబలి పలువురు మరణించిన సంగతి ఈ ఊరు మరిచిపోలేదు. ఒకే వీధి నుంచి మూడో రోగి వచ్చిన రోజే ఆ వీధి పేరు నగరపాలక సంస్థ ఇంజినీర్లకు చేరే ఏర్పాటు ప్రతి ఆసుపత్రిలో, ప్రైవేటు నర్సింగ్‌హోముల్లో సైతం, ఉండి తీరాలి.

ఇందుకు కొత్త భవనాలు అక్కరలేదు. ఆరోగ్యశ్రీ మొదలైన నాటి నుంచి ఆసుపత్రుల్లో రోగులకు దారి చూపే ఆరోగ్యమిత్రలున్నారు. వార్డు సచివాలయాల్లో ఆరోగ్య, పారిశుద్ధ్య కార్యదర్శులున్నారు. రోగి చేసే పని, తాగే నీరు, ఉండే ఇల్లు గురించి ఓపీ చీటీలో నాలుగు గడులు చేర్చి, ఆ వివరాలు రోగి సమ్మతితో అదే రోజు సచివాలయానికి పంపవచ్చు. సమ్మతి అన్న మాట ఊరికే అనలేదు. రోగం సంగతి యజమానికి తెలిస్తే కూలి పోతుందేమోనని ఆ మహిళ నాతోనే చాలా రోజులు దాచింది. అడిగిన తరువాత ఏ సాయమూ అందకపోతే, రెండోసారి ఎవరూ నిజం చెప్పరు కూడా.

కొత్త మిర్చి పంట యార్డుకు రావడం మొదలయ్యేలోగా, జిల్లా వైద్యారోగ్య శాఖ కనీసం ఒక్క ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా ఈ పద్ధతి ప్రారంభించాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, గుంటూరు