నాన్న నడక పుస్తకం

నెల్లూరు,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన శీనూ,

మొన్న ఫోనులో "మీ నాన్న ఎలా ఉన్నారురా?" అని నువ్వు అడిగితే "పర్వాలేదు" అన్నాను. ఫోను పెట్టేశాక మనసు ఊరుకోలేదు. మీ అమ్మకు పక్షవాతం వచ్చి ఇంకా రెండు నెలలు నిండలేదు. ఇలాంటప్పుడు నీకు ఆ ఒక్క మాట చెప్పి ఊరుకోకూడదు. ఆ "పర్వాలేదు" వల్లే మేము చేతికొచ్చింది జారవిడుచుకోబోయాం.

మా నాన్నకు పక్షవాతంతో కుడి వైపు పడిపోయింది కదా. మొదటి మూడు నెలలు వారం వారం మార్పు కనిపించింది. వేలు కదిలింది, కాలు నిలిచింది, కర్ర పట్టుకుని గడప దాటారు. ఆ తర్వాత ఏమీ తెలియలేదు. చుట్టాలు "ఇక ఇంతే" అనేశారు. ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయి మాత్రం ఒక నోటుపుస్తకం కొనమంది.

అందులో రాసేది కొద్దే. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టింది? వరండాలో సుద్దతో గీత గీశాను. ప్రతి ఆదివారం ఉదయం అదే కుర్చీ, అదే కర్ర, అవే చెప్పులు. వాటిలో ఒకటి మారినా పోల్చడానికి వీలుండదు. ఆయన తూలితే పట్టుకునేంత దగ్గరగా నేను నిలబడతాను. మూడో నెలలో 41 సెకన్లు, ఆరో నెలలో 27.

చేతి లెక్క ఆ అమ్మాయే మూడు నెలలకోసారి వేస్తుంది. 1975లో స్వీడన్‌లో వచ్చిన ఫుగ్ల్-మేయర్ పద్ధతి అది. మోచెయ్యి చాపడం, మణికట్టు తిప్పడం, వేళ్లతో పట్టుకోవడం, ఇలా ఒక్కో కదలికకు సున్నా, ఒకటి, రెండు వేస్తారు. చేతికి మొత్తం 66 మార్కులు, కాలికి 34. నాన్న చెయ్యి 24 నుంచి 31కి వచ్చింది. కానీ ఆయనకు కావలసింది ఆ అంకె కాదు, కుడి చేత్తో అన్నం కలుపుకోవడం. ఎడమ చేత్తో తినమంటే తల తిప్పేసుకునేవారు. అందుకని పుస్తకంలో ఇంకో వరుస చేర్చాం: ఇవాళ సొంతంగా ఎన్ని ముద్దలు?

బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉండేది. ఎడమ చేత్తో దాన్ని విప్పి, పప్పన్నం మీద వేళ్లు వాల్చి, మెతుకులను పళ్లెం అంచుకు తెచ్చుకునేవారు. నోటిదాకా వెళ్లేలోపు సగం ఒళ్లో పడేది. మిగిలిన సగం నమిలి మా అమ్మ వైపు చూసేవారు. శీనూ, ఆ చూపు నేను మరచిపోలేను.

పదో నెల వచ్చేసరికి నడకకు పట్టే 27 సెకన్లు కాస్తా 34 అయ్యాయి. తొమ్మిది ముద్దలు నాలుగయ్యాయి. రోజూ చూస్తున్న మా కంటికి అది ఆనలేదు, పుస్తకం తిరగేస్తేనే తెలిసింది. రోహిణి ఎండలకు సాయంత్రం నడక మానేశాం. ఒళ్లో మెతుకులు చూడలేక అమ్మే కలిపి నోట్లో పెడుతోంది. పని మరో చేతికి పోతే, శక్తి మిగిలి ఉన్నా మెదడు ఈ చేతిని పక్కన పెట్టేస్తుందట. ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి గమనించి, బాగున్న చేతికి తొడుగు వేసి బలహీనమైన చేత్తోనే పని చేయించే పద్ధతి తెచ్చాడు. పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మందిని తీసుకుని అమెరికాలో రెండు వారాల పాటు అలా చేయించి చూశారు. ఆ మేలు ఏడాది తర్వాత కూడా నిలిచిందని 2006లో ప్రకటించారు. మణికట్టు, వేళ్లు కొంతైనా కదిలేవారికే అది పనికొస్తుంది. నువ్వు సొంతంగా మీ అమ్మ చేతికి ఏదీ కట్టవద్దు, ముందు ఫిజియోథెరపిస్టును అడుగు.

మేము నడకను తెల్లవారుజాముకు మార్చాం. అమ్మ ముద్దలు పెట్టడం మానేసింది. ఆమెకు అది ఎంత కష్టమైందో నాకు తెలుసు. మజ్జిగన్నానికి ఉదయగిరి చెక్క గరిటె ఇచ్చాం, సన్నని స్టీలు గరిటె కంటే లావు పిడి ఆయన పిడికిట్లో నిలుస్తోంది.

ఒక్క మాట. మీ అమ్మకు మళ్లీ ఎప్పుడైనా మూతి వంకరపోయినా, మాట తడబడినా పుస్తకం పక్కన పడేసి వెంటనే 108కి ఫోను చెయ్యి. రక్తపు గడ్డ కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి.

నిన్న రాత్రి మా ఇంట్లో చేపల పులుసు. ముల్లు తీసి పెట్టబోతే నాన్న నా చెయ్యి పక్కకు నెట్టేశారు, కుడి చేత్తోనే. పద్నాలుగు ముద్దలు. చెయ్యి కడుక్కోగానే పుస్తకంలో రాశాను.

మీ అమ్మ మొదటి అంకె ఎంతో తేదీ వేసి నాకు రాయి. ఎదురు చూస్తుంటాను.

నీ
రమణ