మెదడు చుట్టూ గోడ లేదండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ హెల్త్ పేజీలో బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్, అంటే రక్తంలోవన్నీ మెదడులోకి పోకుండా ఆపే అడ్డు, మెదడు చుట్టూ ఉండే గోడ అని రాశారు, చదివి ఊరుకోలేక బెంగళూరు నుంచి ఇది రాస్తున్నా. అలాంటి గోడేం లేదండి. మెదడు లోపల వెంట్రుక కంటే చాలా సన్నటి రక్తనాళాలుంటాయి కదా, వాటి లోపలివైపు పరుచుకున్న కణాలే కాపలా కాసేది. ఒంట్లో చాలాచోట్ల ఈ కణాల మధ్య సందులుంటాయి, మెదడులో మాత్రం ఒకదాన్నొకటి కుట్టేసినట్టు పట్టుకుని ఉంటాయి. చుట్టూ ఉండే పెరిసైట్లు, ఆస్ట్రోసైట్లు అనే వేరే రకం కణాలు తోడుంటేనే ఆ పట్టు నిలుస్తుంది. పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే జంతువుల రక్తంలోకి రంగు ఎక్కిస్తే ఒళ్ళంతా పట్టింది గానీ మెదడుకి పట్టలేదని చూశాడు, కానీ ఆపేది ఈ కణాల అతుకులే అని తేలింది 1967లో, రీస్, కార్నోవ్స్కీ అనే శాస్త్రవేత్తలు చిట్టెలుక మెదడుని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూశాక.

ఒక్క మాటకి ఇంత పట్టింపు ఎందుకంటే మా నాన్నగారికి పార్కిన్సన్స్. మెదడులో డోపమైన్ అని, కదలికలకి కావాల్సిన రసాయనం తగ్గింది అన్నారు, మరి ఆ డోపమైనే ఇవ్వచ్చు కదా అని డాక్టర్ గారిని అడిగా. అది ఈ కణాల్ని దాటలేదట, లెవోడోపా అనే మందు దాటుతుందట, ఎందుకంటే మనం తిన్న ప్రోటీన్‌లోంచి వచ్చే అమైనో ఆసిడ్లని లోపలికి పంపడానికి ఈ కణాలకి ఒక ద్వారం ఉంది, అందులోంచే ఇదీ వెళ్ళి లోపల డోపమైన్‌గా మారుతుంది. మేమేమో పొద్దున్నే పెసరట్టుతో పాటే మాత్ర వేసేవాళ్ళం, పదకొండింటికి చూస్తే అడుగు పడేది కాదు, మందు పనిచేయట్లేదు డోసు పెంచండి అని డాక్టర్ గారి వెంటపడ్డాం. పేగుల్లోనూ మెదడు దగ్గరా కూడా ఆ పెసరట్టు ప్రోటీనూ మాత్రా దారి కోసం పోటీ పడుతున్నాయని అప్పుడు తెలిసింది. ఇప్పుడు డాక్టర్ గారు చెప్పినట్టు తినడానికి ముప్పావుగంట ముందు వేస్తున్నాం, నాన్న లిఫ్ట్ దాకా సొంతంగా నడుస్తున్నారు.

గోడ అనుకుని ఉంటే ఇది నాకెప్పటికీ అర్థమయ్యేది కాదు. గోడైతే గ్లూకోజ్ ఎలా వెళ్తుంది చెప్పండి? ఈ కణాలే దాన్ని లోపలికి తీసుకుంటాయి, అక్కర్లేని మందుల్ని పంపు పెట్టి మళ్ళీ రక్తంలోకి తోసేస్తాయి, జలుబు మాత్రల్లో కొన్నిటికి నిద్ర ముంచుకొచ్చి కొన్నిటికి అంతగా రాకపోవడానికి ఇదో కారణం.

దయచేసి ఒక సవరణ వేయండి, కుదిరితే రక్తనాళాన్ని అడ్డంగా కోసినట్టు చిన్న బొమ్మ కూడా. నాన్న పేపర్ రాగానే ముందు ఆ పేజీయే తెరుస్తారు.

– ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు