ఇంకో కిలోన్నర పెరిగి రమ్మంటున్నారు: ఐఆర్‌డీఏఐ ఛైర్మన్ గారికి బహిరంగ లేఖ

ఇన్సూరెన్స్ కంపెనీలకి రూల్స్ పెట్టే ఐఆర్‌డీఏఐ ఛైర్మన్ గారికి నమస్కారం.

మీ ఆఫీసు నానక్‌రామ్‌గూడలో, మా ఇల్లు కూకట్‌పల్లిలో. ఇంత దగ్గరుండి ఉత్తరం ఎందుకంటే బరువు తగ్గే ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్ రాని ఈ బాధ నా ఒక్కదానిదే కాదు, అందుకే అందరూ చదివేలా రాస్తున్నా.

నా ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు. అంటే బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు ఎంతో చెప్పే లెక్క) 34.4. షుగర్ వచ్చి పదకొండేళ్లయింది, పొద్దున రెండు రకాల మాత్రలు, రాత్రి ఇన్సులిన్, అయినా మొన్నటి రిపోర్టులో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 9.4. నడక, జొన్నరొట్టె, కీటో, మా పెద్దత్త చెప్పిన మెంతుల నీళ్లు అన్నీ అయ్యాయి. ఒకసారి 11 కిలోలు తగ్గి, ఏడాదిన్నర తిరిగేసరికి 13 పెరిగా. చివరికి షుగర్ డాక్టరే బేరియాట్రిక్ సర్జరీ, అంటే బరువు తగ్గడానికి కడుపుకి చేసే ఆపరేషన్, చేయించుకోమన్నారు. పెళ్లిలో ఫొటోలు బాగా రావాలని చేయించుకునే ఆపరేషన్ కాదిది, కానీ చుట్టాలు అలాగే అనుకుంటారు, అది వేరే కథ.

ఆరేళ్లుగా ఒక్క ప్రీమియం కూడా ఎగ్గొట్టకుండా కడుతున్న ఇన్సూరెన్స్ కంపెనీ మూడే లైన్లలో కుదరదని రాసి పంపింది. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే వాళ్లు చూపించింది మీ రూలే. 2019లో మీ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈ సర్జరీకి డబ్బు రావాలంటే బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి దాంతోపాటు గుండె జబ్బో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో (నిద్రలో ఊపిరి ఆగిపోవడం), అదుపులో లేని షుగరో ఉండాలి. షుగర్ నాకుంది. లేనిదల్లా కిలో నాలుగొందల గ్రాములు.

ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర కుర్రాడు మంచివాడే పాపం, గొంతు తగ్గించి "మేడమ్, ఓ నెల ఆగి కొంచెం బరువు పెరిగి రండి, మళ్లీ పెడదాం" అన్నాడు. అదే రోజు అదే ఫ్లోర్‌లో డైటీషియన్ నా చేతికి ఇంకో కాగితం ఇచ్చింది: ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు ప్రొటీన్ పౌడర్, పల్చటి మజ్జిగ, సూపు, అంతే. కాలేయం కడుపు మీద కప్పుకొని ఉంటుంది కాబట్టి అందులో కొవ్వు తగ్గితేనే సర్జన్‌కి దాన్ని పక్కకి ఎత్తి పని చేయడం సులువట. ఒకరు తగ్గి రమ్మంటారు, ఒకరు పెరిగి రమ్మంటారు, రెండు కాగితాలూ నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే.

తూకం మిషన్ దగ్గర నా ముందు ఒకావిడ లీటరు నీళ్ల సీసా గటగటా ఖాళీ చేసి, ఫోనూ తాళాల గుత్తీ కుర్తా జేబులో వేసుకొని ఎక్కింది. గాజులు తీయబోతుంటే పక్కనున్న వాళ్లక్క "తియ్యకే, అవీ తూగుతాయి" అంది. నర్సు గోడ మీద క్యాలెండర్ చూస్తోంది. నాకు నవ్వొచ్చింది. ఆ రాత్రి ఎవరూ అడక్కుండానే ఇంకో నాలుగు పూరీలు తిన్నా, పొద్దున ఫాస్టింగ్ షుగర్ 312 వచ్చాక నవ్వు పోయింది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ 35, 40 అంకెలు 1991లో అమెరికా వాళ్ల ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ పెట్టినవి. మన ఒళ్లు వాళ్ల ఒళ్లు కాదని డాక్టర్లందరికీ తెలుసు. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3, కానీ ఒంట్లో కొవ్వు ఇంగ్లండాయనకి 9.1 శాతం, మనాయనకి 21.2 శాతం. 2009లో మన దేశ నిపుణులే కూర్చుని సర్జరీకి హద్దు 37.5 అని, జబ్బులుంటే 32.5 అని చెప్పారు. ఆ లెక్కన నేను ఎప్పుడో అర్హురాలిని. 2022లో అమెరికా సర్జన్ల సంఘం, అంతర్జాతీయ సంఘం కలిసి పాత అంకెల్ని పక్కన పెట్టేశాయి, ఆసియా వాళ్లకి 27.5 నుంచే సర్జరీ చేయవచ్చన్నాయి. అంటే ఆ కొలత కుట్టిన దేశం డాక్టర్లే దాన్ని విప్పేశారు, మనకి మాత్రం ఇంకా అదే చొక్కా తొడుగుతున్నారు.

అందరికీ ఫ్రీగా చేయమని అడగడం లేదు. హద్దు తగ్గిస్తే ప్రీమియాలు పెరుగుతాయని కంపెనీలు అంటాయి, వాళ్ల బాధ వాళ్లది, కానీ షుగర్ ముదిరి కిడ్నీలు పోతే డయాలసిస్‌కి కట్టేదీ వాళ్లే కదా. నేనడిగేది మన నిపుణులు చెప్పిన 37.5, 32.5 అంకెలు రూల్లో పెట్టమని. దాంతోపాటు మొదటిసారి ఓపీలో చూపించుకున్న రోజు బరువునే లెక్కలోకి తీసుకోవాలని రాయండి. అప్పుడు డాక్టర్ చెప్పినట్టు తగ్గినవాళ్లకి అదే శాపం కాదు.

నాకు చెప్పిన ప్యాకేజీ 4 లక్షల 20 వేలు. మా ఆయన గోల్డ్ లోన్ అంటున్నారు, నేను ఇంకా ఊ అనలేదు. మీరు ఒక అరగంట టైమ్ ఇస్తే రిజెక్షన్ లెటర్, డైటీషియన్ కాగితం, పదకొండేళ్ల రిపోర్టులు ఫైల్లో పెట్టుకొని నానక్‌రామ్‌గూడ వస్తాను. సోమవారం తప్ప ఏ రోజైనా పర్వాలేదు.

ఇట్లు,
కూకట్‌పల్లి నుంచి ఒక పాలసీదారు