మోకాలి నొప్పికి ఒక ఎక్స్‌రే ఇప్పించండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కోనసీమ బడుల్లో 31 ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ని. ఒక కుక్క గురించి, ఒక పిల్లాడి గురించి మీకు చెప్పాలి.

కుక్క మా తమ్ముడి చేపల చెరువు దగ్గర కాపలా ఉండే రాట్‌వీలర్. ఒకరోజు కుంటడం మొదలుపెట్టింది. ముల్లు గుచ్చుకుందేమోనని చూశాం, లేదు. ముందు కాలి కింది కీలుకు కాస్త పైన గట్టిగా వాచింది. పశువుల డాక్టరు గారు ఎక్స్‌రే తీయించి కిటికీ వెలుతురుకు పట్టి చూపించారు. నున్నగా ఉండాల్సిన ఎముక చెదలు తిన్నట్టుంది. పక్కల నుంచి సన్నటి గీతలు, పొద్దుటి ఎండ కిరణాల్లాగా. ఎముక క్యాన్సర్ అన్నారు, పెద్ద జాతి కుక్కల్లో ఎక్కువట. కుంటడం మొదలైన పన్నెండో రోజుకే సంగతి తేలింది. కాలు తీసేశాక నొప్పి పోయి మూడు కాళ్ల మీదే గట్టంతా తిరిగింది. కీమో ఇప్పించలేదు. జబ్బు ఊపిరితిత్తులకు పాకి ఐదు నెలలకు పోయింది.

పిల్లాడి సంగతి తేలడానికి నాలుగు నెలలు పట్టింది.

మా వీధివాడే, తొమ్మిదో తరగతి, కబడ్డీలో మంచి రైడర్. మోకాలు నొప్పంటే "ఎదిగే వయసురా, బామ్ రాసుకో" అన్నది నేనే. కుక్క ఎక్స్‌రే చూసొచ్చినవాణ్ని, వాడి కాలి మీదికి నా బుద్ధి పోలేదు. తర్వాత తైలం మర్దన, పసరు కట్టు, ఆర్‌ఎంపీ ఇంజక్షన్లు. రాత్రిళ్లు నొప్పికి లేచి కూర్చుంటున్నాడని వాళ్లమ్మ చెబుతూనే ఉంది. ఆ ఒక్క కాలికే ప్యాంటు ఎక్కనప్పుడు గానీ ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. అక్కడ చీము గడ్డ అనుకుని కోసేశారు. తీరా చూస్తే వాడిదీ ఎముక క్యాన్సరే. ఆ కోతతో క్యాన్సర్ కణాలు చుట్టుపక్కలకు పాకాయనీ, కాలు నిలబెట్టడం ఇక కుదరదనీ విశాఖలో పెద్ద డాక్టర్లు చెప్పారు. తొడ దాకా తీసేశారు. ఇప్పుడు కీమో నడుస్తోంది.

కుక్క నుంచే అంటుకుందని వీధిలో ఓ పుకారు కూడా లేచింది. ఇది అంటుజబ్బు కాదండీ. మా తమ్ముడితో మాటలు మానేసినవాళ్లకు అదెవరు చెబుతారు?

ఈ జబ్బుకు కీమో రాని రోజుల్లో కాలు తీసేసినా పదిమందిలో ఎనిమిదిమంది దక్కేవాళ్లు కాదట. ఇప్పుడు ఊపిరితిత్తులకు పాకకముందే పట్టుకుంటే ఆరేడుగురు బతుకుతున్నారు. చాలామందికి కాలు తీయకుండా, చెడ్డ ఎముక స్థానంలో లోహపు ఎముక వేస్తున్నారు. కాబట్టి మందు లేక కాదు, ఆలస్యం వల్లే పోతున్నాం.

నేనడిగేది పెద్ద ఆసుపత్రి కాదు. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది కదా. ఒక పేజీ సర్క్యులర్ చాలు. ఎదిగే పిల్లలకు మోకాలి దగ్గరో భుజం దగ్గరో నొప్పి రెండు మూడు వారాలకు తగ్గకపోయినా, వాపున్నా, రాత్రి నిద్ర చెడగొట్టినా వెంటనే ఎక్స్‌రే. మర్దన వద్దు. అనుమానం వస్తే సూది పెట్టొద్దు, కత్తి పెట్టొద్దు, ఎముక క్యాన్సర్ ఆపరేషన్ చేసే చోటికే పంపాలి. ముక్క పరీక్షకు సూది వెళ్లిన దారిని కూడా తర్వాత కోసి తీసేయాలి కాబట్టి, ఆ సూది ఎక్కడ గుచ్చాలో ఆ డాక్టర్లకే తెలుస్తుంది. వీలైతే కీమోకి తిరిగే పిల్లాడికీ, తోడు వెళ్లే తల్లికీ బస్సు పాసు ఇప్పించండి. ఇక్కణ్నుంచి విశాఖ దాదాపు 200 కిలోమీటర్లు.

జూన్‌లో బడులు తెరుస్తారు. ఆలోపు ఆ కాగితం వస్తే, మా మండలంలో ప్రతి పీఈటీ గది గోడకూ జిగురు డబ్బాతో తిరిగి నేనే అంటిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు,
కోనసీమ