కిలోల లెక్కతో ఈ-వ్యర్థాల సమస్య తీరదు

సంపాదకుల వారికి,

ఈ-వ్యర్థాల సేకరణ అనగానే ఐరోపా సమాఖ్యను ఆదర్శంగా చూపడం మనకు అలవాటైంది. చట్టం వచ్చి ఇరవై ఏళ్లు దాటిన మాట నిజమే. కానీ 2022లో అక్కడి మార్కెట్లోకి వచ్చిన విద్యుత్, ఎలక్ట్రానిక్ వస్తువులు 1.44 కోట్ల టన్నులైతే, లెక్కకెక్కేలా సేకరించిన పాత సామాను 50 లక్షల టన్నులే. అంతకుముందు మూడేళ్ల సగటు అమ్మకాల్లో 65 శాతం బరువును వెనక్కి రాబట్టాలన్న నిబంధన 2019 నుంచి ఉంది. అత్యధిక దేశాలు దాని దరిదాపులకు కూడా రాలేదు. ఈ-వ్యర్థాలతో సహా పలు వ్యర్థాల లక్ష్యాలు తప్పినందుకు 2024 జులైలో ఐరోపా కమిషన్ మొత్తం 27 దేశాలకూ నోటీసులిచ్చింది. 2012 నాటి ఈ-వ్యర్థాల డైరెక్టివ్‌ను (సభ్యదేశాలన్నీ అమలు చేయాల్సిన సమాఖ్య చట్టాన్ని) మార్చాలన్న చర్చ ఇప్పుడు సాగుతోంది. శాతం ఎంత ఉండాలన్న వాదన కంటే ముందు, దేన్ని తూస్తున్నామో చూడాలని నా మనవి.

సౌర ఫలకాల సంగతే తీసుకోండి. చట్టం దృష్టిలో అవీ ఎలక్ట్రానిక్ వస్తువులే. 20 కిలోల ఫలకం ఒకటి అమ్ముడైతే, తర్వాతి మూడేళ్లలో ఆ దేశపు సేకరణ లక్ష్యానికి మొత్తం 13 కిలోలు జమవుతాయి. ఆ ఫలకమేమో పాతికేళ్లు ఇంటి కప్పు మీదే ఉంటుంది. మరి ఆ 13 కిలోలు ఎక్కడి నుంచి తేవాలి? 200 గ్రాముల పాత ఫోన్లతో పూడ్చాలంటే 65 ఫోన్లు కావాలి! సౌర విద్యుత్తు ఎంత పెంచితే అంత వెనకబడ్డట్టు కనిపించే లెక్క ఇది. ఆ ఏడాది నిజంగా పాడై బయటికొచ్చిన సరుకులో 85 శాతం సేకరించామని చూపే వీలు చట్టంలోనే ఉంది. దాన్నే అసలు కొలమానం చేసి, వస్తువు ఆయుష్షును బట్టి రకం రకానికి విడివిడిగా లక్ష్యం పెట్టాలి.

అంతకంటే పెద్ద నష్టం ఫ్రిజ్‌ల దగ్గర జరుగుతోంది. వీధిలో పెట్టిన పాత ఫ్రిజ్‌లోంచి రాగి కోసం కంప్రెసర్ కోసుకుపోతారు. గొట్టం తెగిన మరుక్షణం గ్యాస్ గాల్లో కలుస్తుంది. బాగా పాత ఫ్రిజ్‌లలోని ఆర్-12 గ్యాస్ వంద గ్రాములు పోయినా టన్ను కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. సర్క్యూట్‌లో ఉన్నదానికంటే ఎక్కువ గ్యాస్ తలుపుల్లో, గోడల్లో చల్లదనం పోకుండా నింపిన గట్టి నురుగులో చిక్కుకుని ఉంటుంది. అందుకే పని రెండు దశల్లో జరగాలి: ముందు కంప్రెసర్ సర్క్యూట్‌లోని గ్యాస్‌ను, నూనెను పీల్చాలి, ఆ తర్వాత మూసిన యంత్రంలో పెట్టెను ముక్కలు చేస్తూ నురుగులోంచి వచ్చే గ్యాస్‌ను పట్టాలి. కొత్త ఫ్రిజ్‌లలో ఐసోబ్యూటేన్, సైక్లోపెంటేన్ అనే మండే పదార్థాలు ఉంటాయి కనుక నైట్రోజన్ నింపకపోతే అదే యంత్రం పేలే ప్రమాదం ఉంది. ఇంత జాగ్రత్తగా చేసిన కేంద్రానికీ, ఆరుబయట సుత్తితో బద్దలుకొట్టిన తుక్కు వ్యాపారికీ కిలోల పట్టికలో తేడా కనిపించదు. ఈ పని పద్ధతులన్నీ రాసిపెట్టిన ఈఎన్ 50625 ప్రమాణాలు ఉన్నా, సమాఖ్య అంతటా తప్పనిసరి కాలేదు. వాటిని తప్పనిసరి చేయాలి. కంప్రెసర్ లేకుండా వచ్చిన ఫ్రిజ్‌ను పూర్తి ఫ్రిజ్‌గా లెక్క కట్టకూడదు. తుక్కు కొనేవాళ్లందరూ తాము కొన్నది నమోదు చేయాలి, చెల్లింపు నగదులో ఉండకూడదు. ఫ్రాన్స్ 2011లోనే తుక్కు లోహాలకు నగదు చెల్లింపును నిషేధించింది.

రీసైక్లింగ్ లక్ష్యంలోనూ ఇదే బరువు గొడవ. చిన్న వస్తువుల బరువులో 55 శాతం రీసైకిల్ చేస్తే చాలు. ఇనుము, అల్యూమినియం, కొంత ప్లాస్టిక్ తీస్తే ఆ అంకె వచ్చేస్తుంది. కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లోని, నియోడిమియం అనే విలువైన లోహంతో చేసిన అయస్కాంతం బరువు గ్రాముల్లోనే. డిస్క్‌ను అలాగే నుగ్గు చేస్తే అది ఇనుప ముక్కలకు అంటుకుని ఉక్కు కొలిమిలోకి పోయి మాయమవుతుంది. సర్క్యూట్ బోర్డులు కరిగించే పెద్ద కొలిముల్లో బంగారం, వెండి, పల్లాడియం, రాగి దొరుకుతాయి గానీ టాంటలం అనే మరో విలువైన లోహం చిట్టెంలో కలిసిపోతుంది. బ్యాటరీలు, టోనర్ డబ్బాలు, పది చదరపు సెంటీమీటర్లు మించిన బోర్డులు విడిగా తీయాలని డైరెక్టివ్ ఏడో అనుబంధం చెబుతోంది. ఆ జాబితాలో హార్డ్ డిస్క్ అయస్కాంతాలనూ చేర్చాలి. 2030 నాటికి కీలక ఖనిజాల వాడకంలో 25 శాతాన్ని రీసైక్లింగ్ ద్వారా సమకూర్చుకోగల సామర్థ్యం కావాలని 2024లో చట్టం చేసుకున్న సమాఖ్యకు ఇది తప్పని పని.

ఎగుమతుల విషయం మనకూ సంబంధించినదే. 2025 జనవరి 1 నుంచి సమాఖ్య దేశాలు ఈ-వ్యర్థాలను భారత్ లాంటి దేశాలకు పంపకూడదు. అయితే 'వాడిన వస్తువు' అని రాసి పంపే దారి ఇంకా తెరిచే ఉంది. ప్రతి వస్తువు పనిచేస్తోందని పరీక్షించిన రుజువు, బిల్లు, దెబ్బ తగలని ప్యాకింగ్ ఉండాలని అదే డైరెక్టివ్ ఆరో అనుబంధం అడుగుతుంది. ఓడరేవులో కంటైనర్ తెరిచి చూసే సిబ్బంది లేనిదే అది కాగితం మీది మాటే.

జర్మనీలో ఉంటున్న మన విద్యార్థులకు, ఉద్యోగులకు ఒక విషయం. 25 సెంటీమీటర్లు మించని ఫోన్, ఛార్జర్, ట్రిమ్మర్ వంటివి, ఏమీ కొనకపోయినా, 400 చదరపు మీటర్లకు పైగా ఎలక్ట్రానిక్ వస్తువులమ్మే దుకాణాలు ఉచితంగా తీసుకోవాలి. 2022 జులై నుంచి, తరచూ ఎలక్ట్రానిక్స్ అమ్మే 800 చదరపు మీటర్ల సూపర్‌మార్కెట్లకూ ఇదే బాధ్యత ఉంది. ఒక్కో రకం మూడు వరకు ఇవ్వవచ్చు. కాదంటే నిబంధన చూపించి అడగండి. బ్యాటరీ ఊడదీయగలిగితే తీసి, కొసలకు టేపు అంటించి, విడి బ్యాటరీల పెట్టెలో వేయండి. మామూలు చెత్తడబ్బాలో పడ్డ లిథియం బ్యాటరీ చెత్త లారీలో నలిగితే చాలు, లారీకే నిప్పంటుకోవచ్చు.

భవదీయుడు,
రీసైక్లింగ్ రంగంలో పనిచేస్తున్న ఒక పాఠకుడు,
జర్మనీ